లగూనా సెకాలో మూడో సెషన్‌కే బ్రేక్ పెడల్ కిందికి దిగిపోతోంది: ముందు టైర్లు మార్చాలా, బ్రేకులు మార్చాలా?

చక్రవాకం86

మిత్రులకు నమస్కారం. నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాను. నాది 2022 మోడల్ టొయోటా జీఆర్86, మాన్యువల్ గేర్లు. రోజూ ఆఫీసుకు వెళ్ళేది, ఏడాదికి ఐదారుసార్లు ట్రాక్ మీదికి వెళ్ళేది ఈ ఒక్క కారులోనే. చక్రాలు 18 అంగుళాలవి, టైర్లు 215/40, బ్రేకులు కారుతో వచ్చినవే. దేన్నీ ఇంతవరకు మార్చలేదు.

పోయిన నెల ఇక్కడి లగూనా సెకా రేస్ ట్రాక్‌లో పొద్దున రెండు సెషన్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. మధ్యాహ్నం మూడో సెషన్ ఐదో ల్యాప్‌లో, రెండో మలుపు ముందు బ్రేకు తొక్కితే, పెడల్ ఎప్పుడూ గట్టిపడే చోట గట్టిపడకుండా మరో అంగుళంన్నర కిందికి దిగింది. గబగబా రెండుసార్లు తొక్కాక పట్టు దొరికింది, కారు మలుపు తిరిగింది, నేను మాత్రం నేరుగా పిట్‌లోకి వచ్చేశాను. విచిత్రమేమిటంటే సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు పెడల్ దాదాపు మామూలుగానే ఉంది. కారు కడిగేటప్పుడు చూస్తే, కుడివైపు ముందు టైరు బయటి అంచు మీద ట్రెడ్ దిమ్మెలు నలిగి పీచు లేచాయి, అదే టైరు లోపలి సగం కొత్తదానిలా ఉంది.

దగ్గర్లోని ఒక షాపువారు ముందు చక్రాలకు ఆరు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగాలు), పెద్ద డిస్కులు వేయించుకోమని చెప్పి, 3,000 డాలర్లకు పైగా అంచనా రాసిచ్చారు. నా దగ్గర ఈ ఏడాదికి ఉన్నది దాదాపు అంతే. అదంతా బ్రేకులకే పెట్టాలా, లేక మంచి టైర్లతో మొదలుపెట్టాలా అన్నది తేలక ఇక్కడ అడుగుతున్నాను.

పాతపెడల్

ఆ అంచనా కాగితాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు రాసినదాంట్లోనే జబ్బు పేరు ఉంది. ట్రాక్ మీద బ్రేకులు రెండు రకాలుగా చేతులెత్తేస్తాయి. పెడల్ రాయిలా గట్టిగా ఉండి, ఎంత తొక్కినా కారు ఆగకపోతే ప్యాడ్ తన హద్దు దాటి వేడెక్కిందని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి దిగి, మళ్ళీ తొక్కితే పైకి వస్తే కాలిపర్‌లో ఫ్లూయిడ్ (బ్రేక్ ఆయిల్) మరిగి ఆవిరైందని అర్థం, ఎందుకంటే ద్రవం నొక్కుకుపోదు గాని ఆవిరి నొక్కుకుపోతుంది. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది కాబట్టి ఇంటికి వెళ్ళేటప్పుడు మీకు ఏమీ జరగనట్టే అనిపించింది. మీది రెండో రకం. కారు కొన్నాక ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో మీరు రాయలేదు, షాపువారు కూడా అడిగి ఉండరు.

ఆ మలుపు దగ్గర ఏం జరుగుతుందో ఒక్కసారి లెక్క కట్టి చూడండి. మీతో, పెట్రోలుతో కలిపి కారు 1,400 కిలోలనుకుందాం. గంటకు 170 కిలోమీటర్ల నుంచి 70కి తగ్గించేటప్పుడు దాదాపు 13 లక్షల జూళ్ళ శక్తి వేడిగా మారుతుంది. నాలుగు లీటర్ల నీళ్ళను మామూలు వేడి నుంచి మరిగే దాకా తేవడానికి కావలసినంత వేడి అది, మూడు నాలుగు సెకన్లలో పుడుతుంది. అందులో 70 శాతం ముందు చక్రాలదనుకుని, ఒక్కో డిస్కు ఏడు కిలోలనుకుంటే, ఆ ఒక్క తొక్కుడుకే డిస్కు వేడి దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ పెరగాలి. అది చల్లారకముందే కార్క్‌స్క్రూ అనే దిగుడు మలుపు వస్తుంది, ఆ తర్వాత పదకొండో మలుపు వస్తుంది.

ఇక ఫ్లూయిడ్ సంగతి. బ్రేక్ ఫ్లూయిడ్‌కు అమెరికా పెట్టిన డాట్ 3 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పీల్చిన తర్వాత ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవి 230, 155. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ముందు పాతదంతా తీసేసి అలాంటిది పోయించి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాల్లోని గాలి పూర్తిగా తీయించండి. ఆ తర్వాత ప్యాడ్లు. ఆఫీసుకు కూడా ఇదే కారు కాబట్టి ఫెరోడో డీఎస్2500 లాంటి రెండు పనులకూ పనికివచ్చే ప్యాడ్లు మీకు సరిపోతాయి. హాక్ డీటీసీ-60 లాంటివి అచ్చంగా ట్రాక్ సరుకు. చలికాలం పొద్దున్నే మొదటి సిగ్నల్ దగ్గర అవి కారును ఆపడానికి మొరాయిస్తాయి, పైగా వాటి కీచుమనే శబ్దానికి వీధి మొత్తం తిరిగి చూస్తుంది. డిస్కులు మాత్రం మామూలు సాదావే కొనండి.

పెద్ద కాలిపర్లు వేడిని ఎక్కువసేపు భరిస్తాయన్నది నిజమే. కాని ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరు పట్టు. ఇప్పుడున్న బ్రేకులు చక్రాన్ని ఏబీఎస్ (చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) పనిచేసే దాకా తీసుకెళ్ళగలుగుతున్నాయంటే బలానికి లోటు లేదన్నమాట. ముందు చక్రాలకు మాత్రమే పెద్దవి వేస్తే వెనక బ్రేకుల వాటా తగ్గిపోయి, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందం కావచ్చు.

భాగ్యనగర్_హ్యాచ్

హైదరాబాదు నుంచి రాస్తున్నాను. నాది చిన్న కారు, ట్రాక్ అంటే మాకు చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు వైపున్న ఇరుంగాట్టుకోట్టై. పైన పాతపెడల్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, నేను చేసిన రెండు తప్పులు చెబుతాను.

మొదటిది, సగం వాడిన బ్రేక్ ఆయిల్ డబ్బాను మూత బిగించి ఎనిమిది నెలలు ఇంట్లో దాచి, ఖరీదైనది కదా అని దాన్నే మళ్ళీ పోయడం. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఇంకా ఎక్కువ. ఆ రోజు రెండో సెషన్‌కే నా పెడల్ కూడా మీ పెడల్‌లాగే దిగింది. అప్పటి నుంచి చిన్న డబ్బాలే కొంటున్నాను, మిగిలినదాన్ని పొరుగువారి స్కూటరుకు కూడా ఇవ్వను.

రెండోది, చూడడానికి బాగున్నాయని చిల్లులున్న డిస్కులు వేయించుకోవడం. నాలుగు ట్రాక్ రోజులకే చిల్లు నుంచి చిల్లుకు గోరు తగిలేంత పగుళ్ళు వచ్చాయి. వెంట్రుకల్లాంటి సన్నని గీతలు ఏ డిస్కు మీదైనా వస్తాయి, వాటికి భయపడనక్కర్లేదు, కాని పగులు డిస్కు అంచుదాకా పాకితే దాన్ని ఆ క్షణమే తీసేయాలి.

రబ్బరుబూడిద

బ్రేకుల గురించి చెప్పవలసింది అయిపోయింది కాబట్టి టైర్ల దగ్గరికి వస్తాను. లగూనా సెకాను అపసవ్య దిశలో తిరుగుతారు, ఎడమ మలుపులు ఎక్కువ, బరువంతా కుడివైపు ముందు టైరు మోస్తుంది. మీ కారుకు ముందు చక్రాల క్యాంబర్ (చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వాలే కోణం) షోరూం నుంచి వచ్చినప్పుడు దాదాపు సున్నా. మలుపులో కారు ఒరిగినప్పుడు ఆ టైరు తన అరికాలి మీద కాకుండా మడమ అంచు మీద నడుస్తుంది. దీన్ని సరిచేయకుండా ఎంత ఖరీదైన టైరు వేసినా దాని అంచు కూడా అలాగే నలిగిపోతుంది. క్యాంబర్ ప్లేట్లు వేయించి ముందు మైనస్ రెండున్నర డిగ్రీల దగ్గర పెట్టించండి. రోడ్డు మీద లోపలి అంచు అరుగుతుందని చాలామంది భయపడతారు గాని, అలా అరగదీసేది ఎక్కువగా తప్పు టో (చక్రాల ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కొలతే. టో సున్నా దగ్గర ఉంటే రోజువారీ వాడకానికి ఇబ్బంది ఉండదు.

గాలి ఎంత పెట్టారో కూడా చెప్పలేదు. చల్లగా ఉన్నప్పుడు 35 పీఎస్ఐ పెట్టి వెళ్తే నాలుగో ల్యాప్‌కి 41, 42 దాకా పెరుగుతుంది, టైరు బుడగలా ఉబ్బి నేలను తక్కువగా తాకుతుంది. పిట్‌లోకి రాగానే, వేడిగా ఉండగానే కొలిచి 34 దగ్గరికి దించండి. టైరు పక్కగోడ మీద సుద్దముక్కతో మూడు గీతలు గీసి వెళ్తే, ఎక్కడిదాకా సుద్ద చెరిగిందో చూసి టైరు ఎంత మడతపడుతోందో తెలుసుకోవచ్చు. ఇంటికి బయలుదేరేముందు గాలి మళ్ళీ నింపడం మరవకండి.

టైరు ఎంపికలో పాతపెడల్ గారు ఏమంటారోగాని, నా మాట హాంకూక్ ఆర్‌ఎస్4. యోకొహామా ఏ052 మొదటి రెండు ల్యాపుల్లో దానికంటే ఎంతో వేగం ఇస్తుంది, కాని ఇరవై నిమిషాల సెషన్లలో వేడెక్కి జారడం మొదలుపెడుతుంది, త్వరగా అరుగుతుంది. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్ ఈ రెండింటికీ మధ్యన నిలుస్తుంది. వీటన్నిటి మీదా ట్రెడ్‌వేర్ (టైరు అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) 200 అని ఉంటుంది, కాని ఆ అంకె వేసుకునేది తయారీదారులే కాబట్టి ఒకరి 200కూ ఇంకొకరి 200కూ పోలిక ఉండదు. వీలైతే 17 అంగుళాల వ్యాసంతో, వెడల్పైన చక్రాలు నాలుగు కొని 245/40 వేయించండి, పాత 18 అంగుళాలవి వానాకాలానికి ఉంచుకోండి, నీళ్ళు నిలిచిన రోడ్డు మీద ఈ ట్రాక్ టైర్లు భయపెడతాయి. పెద్ద బ్రేకులు వేయిస్తే ఈ 17 అంగుళాల చక్రాలు వాటి మీద పట్టకపోవచ్చు, కాబట్టి ఆ నిర్ణయం ఇక్కడ కూడా అడ్డొస్తుంది.

పాతపెడల్

ఆర్‌ఎస్4 విషయంలో నాకు అభ్యంతరం లేదు, కాని వరుస ముఖ్యం. పట్టున్న టైరు వేస్తే మీరు మలుపుల నుంచి ఎక్కువ వేగంతో బయటపడతారు, తర్వాతి మలుపు దగ్గర ఆలస్యంగా, గట్టిగా బ్రేకు తొక్కుతారు, ఆ వేడంతా మళ్ళీ ఈ ఫ్లూయిడ్ మీదే పడుతుంది. అందుకే ఫ్లూయిడ్, ప్యాడ్లు ముందు, క్యాంబర్ తర్వాత, ఇప్పుడున్న టైర్లు అరిగిపోయాకే కొత్త టైర్లు.

చక్రవాకం86

అందరికీ ధన్యవాదాలు. కారు కొన్నప్పటి ఫ్లూయిడే ఉంది, మూడేళ్ళు దాటింది. తీయించినప్పుడు సీసాలోకి వచ్చింది చిక్కటి టీ రంగులో ఉంది. ఆర్‌బీఎఫ్ 600, డీఎస్2500 ప్యాడ్లు, సాదా డిస్కులు వేయించి, క్యాంబర్ మైనస్ 2.4 పెట్టించుకుని నిన్న మళ్ళీ వెళ్ళివచ్చాను. నాలుగు సెషన్లలోనూ పెడల్ ఒక్కసారి కూడా దిగలేదు, సుద్దగీత అంచుకు వేలెడు దూరంలో ఆగింది. ఒక్కటే కొత్త ఇబ్బంది: చివరి సెషన్ తర్వాత ఇంటికి వస్తుంటే బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు వణుకుతోంది. డిస్కు వంకరపోయిందా?

పాతపెడల్

వంకరపోయి ఉండదు. చివరి సెషన్ అయ్యాక పార్కింగులో కాలు బ్రేకు మీదే ఉంచి ఆగారా? ఎర్రగా కాలిన డిస్కు మీద ప్యాడ్ ఒకే చోట అతుక్కుంటే అక్కడ దాని పదార్థం మచ్చలా మిగులుతుంది, వణుకు దానివల్లే. ఖాళీ రోడ్డు చూసుకుని, గంటకు వంద కిలోమీటర్ల నుంచి ముప్పైకి, పూర్తిగా ఆగకుండా, ఎనిమిది పదిసార్లు గట్టిగా తగ్గించి, తర్వాత పది నిమిషాలు బ్రేకు తాకకుండా నడిపి చల్లారనివ్వండి. ఇకమీదట ప్రతి సెషన్‌లోనూ చివరి ల్యాప్ బ్రేకు ముట్టుకోకుండా మెల్లగా తిరగండి. పిట్‌లో హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో పెట్టి, చక్రం కింద చెక్కముక్క పెట్టండి.