పాత ఉత్తరాలు: అన్నీ గురువారం రాసినవే, అన్నీ సోమవారం చేరినవే. ఎందుకని?

బ్రాడీపేట బుల్లోడు:
గుంటూరులో మా పాత ఇల్లు పడగొట్టే ముందు అటక మీది ట్రంకుపెట్టె దించితే మా ముత్తాతగారి ఉత్తరాల కట్ట బయటపడింది. ఆయన తమ్ముడు ఎడిన్‌బరోలో డాక్టరీ చదువుతూ 1904, 1905లో రాసినవి, 31 కవర్లు. ఊరికే సరదాకి ఫోన్‌లో పాత క్యాలెండర్ తీసి తేదీలు చూస్తే తిక్క పుట్టింది. రాసిన రోజు దాదాపు అన్నిటికీ గురువారమే, వెనక గుంటూరు ముద్ర దాదాపు అన్నిటికీ సోమవారమే. 1904 జనవరి 14న రాసింది ఫిబ్రవరి 1న చేరింది. చిన్న ముత్తాతగారికి గురువారం మొక్కేమన్నా ఉందా? ఇంకో సంగతి, జూలై ఆగస్టుల్లో మాత్రం "మీ ఉత్తరాలు ఆలస్యంగా అందుతున్నాయి" అని గొణుగుతారు, ఆయనవి మాత్రం ఇక్కడికి ఎప్పటిలాగే వచ్చాయి. సూయజ్ కాలువలో ఒకే ఓడ కదా అటూ ఇటూ తిరిగేది, మరి ఈ తేడా ఏంటి?

సత్యనారాయణపురం రిటైర్డ్ సార్టర్:
మొక్కు కాదు బాబూ, మెయిలు రోజు. లండన్‌లో ఇండియా మెయిలు వారానికి ఒక్కసారే, శుక్రవారం రాత్రి కట్టేవాళ్లు. ఎడిన్‌బరోలో ఉన్నవాడు గురువారం పోస్టులో వెయ్యకపోతే ఇంకో వారం ఆగాల్సిందే. నేను విజయవాడ ఆర్ఎంఎస్‌లో, అంటే రైల్వే తపాలా సర్వీసులో, 32 ఏళ్లు రైల్లో నిలబడి సంచులు కట్టినవాణ్ణి, కనెక్షన్ తప్పితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

ఒకే ఓడ అనుకోవడం కూడా పొరపాటే. కాలువ తెరిచింది 1869లో అయినా ఉత్తరాలు లండన్‌లోనే ఓడ ఎక్కేవి కావు. ఓడ స్పెయిన్ చుట్టూ తిరిగి వచ్చేలోపు రైలు అడ్డంగా వెళ్లిపోతుంది కదా. డోవర్ దగ్గర సముద్రం దాటి, ఫ్రాన్స్ మీదుగా, ఆల్ప్స్ కింద సొరంగంలోంచి ఇటలీ చివర బ్రిండిసి దాకా రైలే. ఆదివారం రాత్రికి అక్కడ. 1898 నుంచి ఐసిస్, ఓసిరిస్ అని పీ అండ్ ఓ కంపెనీ వాళ్ల రెండు చిన్న ఓడలు, బాగా వేగంగా పోయేవి, కేవలం దీనికోసమే ఉండేవి. అవి సంచుల్ని కాలువ మొదట్లోని పోర్ట్ సయీద్‌లో, స్పెయిన్ చుట్టూ తిరిగి వచ్చిన పెద్ద ఓడకి అందిస్తే, అది కాలువ, ఎర్ర సముద్రం, ఏడెన్ రేవు మీదుగా బొంబాయి చేరేది. లండన్ నుంచి బొంబాయికి సుమారు 14 రోజులు. ఓడ ఆలస్యమైతే కంపెనీకి జరిమానా, అది కాంట్రాక్టులోనే ఉండేది. బొంబాయి నుంచి గుంటూరుకి రాయచూరు, గుంతకల్లు, నంద్యాల మీదుగా లైను ఒకటి, వాడి, సికింద్రాబాద్, బెజవాడ మీదుగా ఇంకోటి. ఎటొచ్చినా రెండు రోజుల పైమాటే. శుక్రవారం బొంబాయిలో దిగితే సోమవారం మీ గడప ముందు, లెక్క సరిపోయిందా?

వానాకాలం సంగతి తేలిక. నైరుతి గాలి బొంబాయి నుంచి ఏడెన్ పోయే ఓడకి ఎదురు, ఏడెన్ నుంచి వచ్చేదానికి వెనక తోపు. అందుకే ఆయనగారి ఉత్తరాలు టైముకి వచ్చాయి, మీవాళ్లవి నీళ్లలో ఈదుకుంటూ వెళ్లాయి.

స్టాంపుల పిచ్చి:
మాస్టారూ, సముద్రం మీద సార్టింగ్ మర్చిపోయారు, మీ శాఖ వాళ్లే కదా! 1868 నుంచి ఓడలోనే పోస్టాఫీసు ఉండేది, మొదట సూయజ్ దాకా, తర్వాత ఏడెన్ దాకా. గుమాస్తాలు ఏడెన్‌లో ఎక్కి బొంబాయి వచ్చేలోపు ఊరూరి సంచులు కట్టేసేవాళ్లు, ఓడ ఊగుతుంటే వాంతులు చేసుకుంటూనే. 1914లో యుద్ధం రాగానే అది పోయింది. తమ్ముడూ, కవర్ల మీద సీ పోస్టాఫీస్ ముద్ర ఉందేమో చూడు. అడ్రసులో జిల్లా పేరు కూడా చూడు, 1904 అక్టోబరుకి ముందువైతే కృష్ణా జిల్లా అనే ఉంటుంది, గుంటూరు జిల్లా పుట్టింది అప్పుడే. స్టాంపు ఒక పెన్నీది అయ్యుండాలి, 1898 చివర్లో ఇండియాతో సహా సామ్రాజ్యంలో చాలా భాగానికి అదే రేటు పెట్టారు. దయచేసి స్టాంపులు పీకొద్దు.

కొత్తపేట కోడలు:
అప్పుడు ఎడిన్‌బరో నుంచి 18 రోజులు. పోయిన నెల హైదరాబాద్ నుంచి నాకు రావాల్సిన పార్సిల్‌కి 11 రోజులు పట్టింది, ఊరికే చెబుతున్నా.

బ్రాడీపేట బుల్లోడు:
కృష్ణా జిల్లా అనే ఉంది! సార్టర్ గారూ, మీరు చెప్పాక ఇంకో విషయం అర్థమై మనసు అదోలా అయింది. ముత్తాతగారి చిట్టా పుస్తకంలో వాళ్లమ్మ ఫిబ్రవరి 2న పోయినట్టుంది, మర్నాడు బుధవారం తమ్ముడికి ఉత్తరం వేశారట. ఫిబ్రవరి 8, 15, 22, 29, మార్చి 7, ఈ ఐదు సోమవారాల ఉత్తరాల్లోనూ "అమ్మకి దగ్గు తగ్గిందా" అనే ఉంది. టెలిగ్రాం ఇచ్చి ఉండొచ్చు కదా?

సత్యనారాయణపురం రిటైర్డ్ సార్టర్:
తంతి 1870 నుంచే ఉంది బాబూ, కానీ మాటకింత అని రేటు, సామాన్యుడు తట్టుకోలేడు. బుధవారం వేశారంటే శనివారం బొంబాయిలో కదిలే ఓడకి అందింది. ఫిబ్రవరి 22 ప్రాంతంలో ఆయన చేతికి, 25 గురువారం జవాబు, మార్చి 14 సోమవారం గుంటూరుకి. ఆ కవరు ఉందా?

బ్రాడీపేట బుల్లోడు:
ఉంది. తడికి అతుక్కుపోయిన నాలుగింటిలో అదొకటి. కెటిల్ ఆవిరి పట్టి విప్పుదామనుకుంటున్నా.

స్టాంపుల పిచ్చి:
ఆగు ఆగు! ఆవిరి పడితే సిరా కారిపోవచ్చు. నేను ఆదివారం గుంటూరు వస్తున్నా, అప్పటిదాకా ముట్టుకోకుండా రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టు.