సమస్యాపూరణం: దీప మార్పినంత తేటపడియె

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. వస్తువు: నలుపు తెలుపుల కాలం నాటి సైకలాజికల్ థ్రిల్లర్‌ను ఇంట్లో కూర్చొని చూడటం. దీపం ఆర్పితే చీకటి కావాలి గానీ తేటపడటమేమిటి? ఆ చిక్కు విప్పాలి. షరతు ఒక్కటే. చూడనివాళ్ళకు అసలు మలుపు తెలిసిపోకూడదు.

పూరణ 1

గదిని వెలుఁగు తెరను గమ్మఁగా నలుపెల్ల
బూడిదయ్యె, ముఖము పోల్చలేము
మెట్లమీఁద నక్కి మెల్లఁగా దిగు నీడ
దీప మార్పినంత తేటపడియె

విమర్శ: ఇది కల్పన కాదు, ఉన్నమాట. గదిలో లైటు తెర మీద పడితే ముందు దెబ్బతినేది నలుపే. రంగుల సినిమాలో ఓ ఎర్ర కోటు మనిషిని పట్టిస్తుంది. ఇక్కడ ఉన్నవి వెలుగునీడల తేడాలే. అవి చెరిగితే తలుపు పక్కన నిలబడ్డవాడూ గోడా ఒకటైపోతాయి, టెన్షన్ అక్కడే చచ్చిపోతుంది. ‘బూడిదయ్యె’ ఎంత సరైన మాటో! బూ–పో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొంతన) కూడా చక్కగా కుదిరింది. ‘పోల్చలేము’ దగ్గర మాత్రం కాలం మారింది, ముందూ వెనకా భూతకాలమే కదా. ‘పోల్చరాక’ అంటే ఆగకుండా మూడో పాదంలోకి సాగుతుంది.

కవి: ‘పోల్చరాక’ అనే ఉంచుతాను. ధన్యవాదాలండీ.

పూరణ 2

పిచ్చి నీకటంచుఁ బెనిమిటి యనుచుండ
నమ్మె నామె, మదిని నలిగిపోయె
మేడపైన వాఁడు మెలఁగెడి మర్మమ్ము
దీప మార్పినంత తేటపడియె

విమర్శ: జార్జ్ క్యూకర్ 1944లో తీసిన ‘గ్యాస్‌లైట్’ కథ. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఆస్కార్ తెచ్చిన పాత్ర. భర్త మీద అనుమానం ప్రేక్షకుడికి త్వరగానే వస్తుంది కాబట్టి షరతు దాటలేదు. మొదటి రెండు పాదాలు నాకు చాలా నచ్చాయి, ‘నలిగిపోయె’లో ఆమె మొత్తం ఉంది.

అయితే ఆ కథలో ఆమె గది దీపాన్ని ఎవరూ ఆర్పరు. పైన ఇంకో గ్యాస్ దీపం వెలిగితే గ్యాస్ అటు కూడా పోయి, కింద మంట తగ్గుతుంది. కథకు ప్రాణం అదే. దీపం పూర్తిగా ఆరితే ఎవరైనా ఒప్పుకోవాల్సిందే, కాస్త మసకబారితే ‘అంతా నీ భ్రమ’ అని కొట్టిపారేయొచ్చు. మీ పద్యంలో దీపం ఆర్పినదెవరు? ఎక్కడ? అది చెప్పకపోవడంతో సమస్య పాదం పైనుంచి అతికించినట్టుంది.

మరొక సభ్యురాలు: ఆర్పేది పైవాడే అంటే సరిపోతుంది కదండీ! పైన ఆరితే కింద మంట మళ్ళీ పెరుగుతుంది, పైన ఎవరో ఉన్నారని తేలిపోతుంది. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

మేడమీఁద వాఁడు మెదలుచు నచ్చోటి

విమర్శ: భలే! ఒకచోట దీపం ఆరితే ఇంకోచోట వెలుగు పెరగడం, సమస్యలోని వైరుధ్యానికి ఇంతకంటే సహజమైన సమాధానం ఉండదు. మే–మె యతి కూడా చెడలేదు.

పూరణ 3

కన్ను నమ్ము నటుని కపటంపు నవ్వును
చెవికిఁ దెలియు గొంతు చిన్ని వణుకు
హంతకుం డెవండొ పాదాల సవ్వడిన్
దీప మార్పినంత తేటపడియె

విమర్శ: యతి తప్పింది. ‘హం’కు ‘పా’ చెల్లదు. పైగా ‘పాదాల’ వాడుక రూపం, మిగతా పద్యం గ్రాంథికంలో నడుస్తోంది. ‘యడుగుల సవ్వడిన్’ అంటే రెండూ సర్దుకుంటాయి.

భావానికి మాత్రం ఈ మూడింటిలో నా ఓటు దీనికే. చీకట్లో చూడటం గురించి అందరం ఆలోచించాం, వినడం గురించి ఆలోచించింది మీరే. ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎం’లో హంతకుణ్ణి పట్టించేది చూపులేని బెలూన్ల వ్యాపారి. ఈల పాట విని గుర్తుపడతాడు. మన కళ్ళకు ఆ ముఖం ముందే తెలుసు, ఊళ్ళోవాళ్ళకే తెలియదు. మీ పద్యం చదవగానే ఆ ఘట్టం గుర్తొచ్చి మళ్ళీ చూడాలనిపించింది.

కవి: యతి సవరించాను. ‘నటుని’ అన్నది ఉంచనా? నటించే హంతకుడన్న అర్థంలో వాడాను.

విమర్శ: ఉంచండి. వేషం వేసేది ఇద్దరూ కాబట్టి రెండర్థాలూ పనికొస్తాయి.