లిథియం లైసెన్సు వచ్చిందంటే అన్ని అనుమతులూ వచ్చినట్లేనా?

నౌపడవాసి:
మా కుటుంబానికి ఉప్పు మళ్లే జీవనాధారం కనుక ఉప్పునీటి వార్త ఏది వచ్చినా ఆగి చదువుతాను. జర్మనీలోని ల్యాండావ్ ప్రాంతంలో భూగర్భం నుంచి వేడి ఉప్పునీటిని పైకి తోడి, అందులోంచి లిథియం తీసేందుకు వల్కన్ ఎనర్జీ అనే కంపెనీకి 2025లో ఉత్పత్తి లైసెన్సు లభించిందని చదివాను. ఇక ఉత్పత్తి మొదలుపెట్టడమే మిగిలిందా? మన నౌపడ ఉప్పునీటిలోనూ లిథియం ఉంటుందా?

గరివిడి విశ్రాంత ఉద్యోగి:
మాంగనీసు గనుల కాగితాలతో ఉద్యోగమంతా గడిపినవాడిగా చెబుతున్నాను: లీజు చేతికొచ్చిన రోజున మిఠాయి పంచినవాళ్లే, గని ప్రణాళిక, పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి వచ్చేదాకా పార పట్టలేకపోయారు. జర్మనీలోనూ అంతే. అక్కడి గనుల చట్టం ప్రకారం లిథియం భూయజమాని సొత్తు కాదు కాబట్టి అన్వేషణకు ఒక అనుమతి, ఉత్పత్తి హక్కుకు మరొకటి తీసుకోవాలి. అవి రెండూ ఉన్నా, బావి తవ్వడానికీ కర్మాగారం నడపడానికీ గనుల శాఖ ఆమోదించిన కార్యాచరణ ప్రణాళిక విడిగా ఉండాలి. లైసెన్సు చెప్పేది ఆ ఖనిజం ఎవరిదన్నది మాత్రమే.

ల్యాండావ్‌లో ఈ జాగ్రత్తకు కారణముంది. అక్కడ భూగర్భపు వేడితో కరెంటు తీసే భూతాప విద్యుత్ కేంద్రం పక్కనే 2009 ఆగస్టులో 2.7 తీవ్రతతో భూమి కంపించింది. ఆ కేంద్రంలాగే ఇక్కడా, లిథియం తీసిన నీటిని మళ్లీ లోతుకే పంపాలి కనుక, పంపే ఒత్తిడి ఎంతుండాలన్నది అధికారులు తేలిగ్గా వదిలే విషయం కాదు.

పార్వతీపురం రీడర్:
గరివిడి మాస్టారి మాటకు ఒక చేర్పు. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన కీలక ముడిపదార్థాల చట్టం, వ్యూహాత్మకంగా గుర్తించిన తవ్వకం ప్రాజెక్టులకు అనుమతుల ప్రక్రియ 27 నెలలు దాటకూడదంటోంది. అది గడువు పెట్టిందే తప్ప పరిశీలనను ఎత్తివేయలేదు. అనుమతి వచ్చాక కూడా కోర్టు ఉండనే ఉంది: కాలిఫోర్నియా సాల్టన్ సరస్సు దగ్గరి హెల్స్ కిచెన్ అనే ఇలాంటి లిథియం, భూతాప విద్యుత్ ప్రాజెక్టుకు ఇంపీరియల్ కౌంటీ 2024 జనవరిలో ఆమోదం తెలిపితే, నీటి వాడకం వంటి అంశాలను సరిగా పరిశీలించలేదంటూ స్థానిక సంస్థలు రెండు నెలలకే దావా వేశాయి. కింది కోర్టు 2025లో కౌంటీ పక్షాన తీర్పిచ్చింది.

ఇక నౌపడ సంగతి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 0.17 మిల్లీగ్రాముల లిథియం ఉంటే, ల్యాండావ్ ఉన్న రైన్ లోయ భూగర్భజలంలో 180 దాకా ఉంటుంది, అంటే వెయ్యి రెట్లు. అక్కడ మళ్లలో ఎండబెట్టరు. లిథియంను మాత్రమే పట్టుకునే పదార్థం గుండా నీటిని పంపి, మిగిలినది భూమిలోకే తిప్పి పంపుతారు.

నౌపడవాసి:
వెయ్యి రెట్లు తేడా అన్నాక మా మళ్ల మీద ఆశ వదులుకున్నాను. కంపెనీ ప్రకటనల్లో ‘అనుమతి లభించింది’ అని ఉంటే అది హక్కు పత్రమా, కార్యాచరణ ప్రణాళికా అని చూడాలన్నమాట. ఇప్పుడు ఆ వార్త మళ్లీ తీసి చదివితే, అందులో ఉన్నది మొదటిదే.