డాప్లర్‌తో శిఖరం కుంగుతుంటే కాప్చర్ ఎలా పెరుగుతుంది?

ఏఎస్‌రావునగర్_వాసి:
యురేనియం-238కి 6.67 ఈవీ దగ్గరి రెజొనెన్స్ (న్యూట్రాన్లను విపరీతంగా మింగే శక్తి) గీశాను. అణుడేటా సిద్ధం చేసే ఎన్‌జాయ్ ప్రోగ్రామ్‌లో, సున్నా కెల్విన్ గీత ఇచ్చే రీకానర్ మాడ్యూల్ దాటాక క్రాస్ సెక్షన్ (న్యూట్రాన్‌తో చర్య జరిగే అవకాశం) శిఖరం దాదాపు 24 వేల బార్న్‌లు. వేడికి అణువులు కదిలి రెజొనెన్స్ వెడల్పయ్యే డాప్లర్ ప్రభావాన్ని లెక్కేసే బ్రాడర్‌లో 300 కెల్విన్ ఇస్తే ఏడున్నర వేలకు, 1200 ఇస్తే 4,200 దగ్గరికి దిగింది. గీత కింది వైశాల్యం మాత్రం అంతే ఉంది. మరి ఇంధనం వేడెక్కితే కాప్చర్ (యురేనియం న్యూట్రాన్‌ని మింగడం) పెరుగుతుందంటారేంటి? 19 పిన్నుల (ఇంధన కడ్డీల) పీహెచ్‌డబ్ల్యూఆర్ (భారజల రియాక్టర్) బండిల్ కోసం గ్రూపర్‌తో తీసిన శక్తి గ్రూపుల సగటు విలువల్లోనూ ఉష్ణోగ్రత తేడా కనబడట్లేదు.

తార్నాక_న్యూట్రాన్:
వైశాల్యం మారకపోవడం కరెక్టే. కానీ కాప్చర్ రావాలంటే క్రాస్ సెక్షన్‌ని ఫ్లక్స్‌తో (ఆ శక్తి దగ్గరి న్యూట్రాన్ల ప్రవాహంతో) గుణించాలి కదా. మన మౌలాలి ఎన్‌ఎఫ్‌సీలో (అణు ఇంధన కర్మాగారంలో) చేసే ఆ ఇంధన పెల్లెట్‌నే తీసుకోండి, అడ్డం సుమారు 14 మి.మీ. శిఖరం దగ్గర న్యూట్రాన్ సగటున 300 కెల్విన్‌లో 0.06 మి.మీ., 1200లో 0.1 మి.మీ. పోతుంది. ఎలా చూసినా పైపొరలోనే ఖతం. శిఖరం కుంగినా పోయేదేం లేదు. వచ్చేదంతా వాలుల్లోనే: డాప్లర్ వెడల్పు 0.054 ఈవీ నుంచి 0.108కి పెరుగుతుంది, ఇదివరకు పెల్లెట్‌ దాటిపోయిన న్యూట్రాన్లు ఇప్పుడు చిక్కుతాయి.

గ్రూపర్‌లో సిగ్మా జీరో (ఒక్కో యురేనియం అణువుకి చుట్టూ ఉన్న మిగతా పదార్థం వాటా, బార్న్‌లలో) ఎంత ఇచ్చారు? 1ఈ10 (వెయ్యి కోట్లు) ఒక్కటే అయితే, బిందెడు నీళ్లలో చిటికెడు ఉప్పులా యురేనియాన్ని లెక్కేస్తుంది. రెజొనెన్స్ దగ్గర ఫ్లక్స్‌లో గుంట పడదు, తేడా రాదు.

ఏఎస్‌రావునగర్_వాసి:
అవునండీ, అదొక్కటే ఉంది. ఎంత పెట్టాలి?

నాచారం_మెష్:
ఒంటరి పిన్నుకి సగటు జ్యా (న్యూట్రాన్ అడ్డంగా దాటే సగటు దూరం) అంటే వ్యాసమే, 1.4 సెం.మీ. బార్న్-సెం.మీ.కి అణుసాంద్రత 0.0232. ఈ రెండింటి లబ్ధంతో 1ని భాగిస్తే 30 బార్న్‌లు, దానికి ఆక్సిజన్ వాటా మరో ఏడున్నర. బండిల్‌లో పిన్నులు ఒకదాని మీద ఒకటి నీడ వేస్తాయి కాబట్టి డాంకాఫ్ సవరణతో ఆ 30 తగ్గుతుంది, లోపలి పిన్నులకు మరీను. 1ఈ10, 1000, 100, 50, 30, 10 అని వరుస ఇచ్చి తర్వాత ఇంటర్‌పొలేట్ చేసుకోండి. 1ఈ10 మొదట ఉండి తీరాలి.

తార్నాక_న్యూట్రాన్:
ఇంకో మెలిక. ఈ శక్తి దగ్గర యురేనియాన్ని ఒకసారి గుద్దితే న్యూట్రాన్ పోగొట్టుకునేది మహా అయితే 0.11 ఈవీ, రెజొనెన్స్ ప్రభావం దానికి చాలా రెట్లు. ఒక్క గుద్దుతోనే న్యూట్రాన్ రెజొనెన్స్ దాటేస్తుందనుకునే సన్న రెజొనెన్స్ సూత్రం ఇక్కడ నిలవదు. గ్రూపర్‌లో వెయిట్ (ఫ్లక్స్ ఆకారం) ఎంపిక సంఖ్యకు ముందు మైనస్ గుర్తు పెట్టండి, గ్రూపర్ ఫ్లక్స్‌ని తానే లెక్కేసుకుంటుంది. విడివిడిగా కనబడని రెజొనెన్స్‌లను చూసే అన్‌రెసర్ మాడ్యూల్‌ని వదిలేయకండి, లేకపోతే 20 కేఈవీ పైన షీల్డింగ్ (ఫ్లక్స్ గుంట ప్రభావం) రాదు.