మృదంగం నేర్చుకునే మేనల్లుడికి జెనెసిస్ ఏ పాటతో మొదలుపెట్టాలి?

బెజవాడ బేస్:

అందరికీ నమస్తే. మాది మొగల్రాజపురం. ఒక సలహా కావాలి, పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అక్క కొడుకు గుంటూరులో ఇంటర్ సెకండియర్. ఎనిమిదో ఏట నుంచి మృదంగం నేర్చుకుంటున్నాడు, ఇప్పుడిప్పుడే చిన్న చిన్న కచేరీల్లో కూర్చుంటున్నాడు. వాడు వినేది కర్ణాటక సంగీతం, సినిమా పాటలు, అంతే. దసరా సెలవులకి మా ఇంటికి వచ్చాడు కదా, నాకు ఇరవై ఏళ్లుగా ప్రాణమైన బ్రిటిష్ రాక్ బ్యాండు జెనెసిస్‌ని వాడికి రుచి చూపిద్దామని ఏకంగా 'సప్పర్స్ రెడీ' పెట్టాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, అది 1972లో వచ్చిన 'ఫాక్స్‌ట్రాట్' ఆల్బమ్‌లోని 23 నిమిషాల పాట, ఏడు భాగాలు, రికార్డు రెండో వైపు దాదాపు మొత్తం అదే.

వాడు మర్యాదగానే కూర్చున్నాడు. ఆరు నిమిషాలయ్యాక "మావయ్యా, అసలు పాట ఎప్పుడు మొదలవుతుంది?" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు. నేనేమో పక్కన కూర్చుని ఇప్పుడొస్తుంది చూడు, ఇది మూడో భాగం, ఇక్కడ పాడేది పీటర్ గాబ్రియెల్ అని చెప్తూనే ఉన్నాను. ఇంతలో వాళ్లమ్మ ఫోన్ చేస్తే బాల్కనీలోకి వెళ్లి మళ్లీ రాలేదు. 'అపొకలిప్స్ ఇన్ 9/8' అనే భాగం దాకా ఉండి ఉంటే ఆ తొమ్మిది దెబ్బల లెక్క వాడిని పట్టేసేది, నాకు నమ్మకం ఉంది, కానీ అది రావడానికి పావుగంట పైనే పడుతుంది కదా.

వాడి ఇంగ్లీషు పాఠాలవరకే, పాటలో మాటలు అందవు. వచ్చే ఆదివారం గుంటూరు వెళ్లి వాడిని మళ్లీ తీసుకొస్తున్నాను, బస్సులో గంటసేపు నా పక్కనే ఉంటాడు. ఈసారి ఏది వినిపించాలి? ఇంకోసారి విసుగొస్తే వాడు జన్మలో వీటి జోలికి రాడని నా టెన్షన్.

నాలుగో లైను:

బ్రో, పాటలో తప్పు లేదు, నువ్వు పెట్టిన వరసలోనే ఉంది. నేను జెనెసిస్‌లోకి దొడ్డిగుమ్మం నుంచి వచ్చినవాణ్ణి. బ్రాడీపేటలో మా అన్నయ్య దగ్గర 'ఇన్విజిబుల్ టచ్' క్యాసెట్ ఉండేది, 1986 ఆల్బమ్, నాలుగైదు నిమిషాల్లో చక్కగా ముగిసే పాటలు అందులో చాలానే ఉన్నాయి. ఇదే బ్యాండు అంతకు పదిహేనేళ్ల ముందు పదేసి నిమిషాల పాటలు చేసిందనీ, అప్పుడు పాడింది వేరే ఆయన అనీ, ఆ క్యాసెట్‌లో పాడిన ఫిల్ కాలిన్స్ అప్పుడు వెనక డ్రమ్స్ దగ్గర కూర్చునేవాడనీ నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

అందుకని నా ఓటు 'టర్న్ ఇట్ ఆన్ అగైన్'కి. 1980లో వచ్చిన 'డ్యూక్' ఆల్బమ్‌లోది, నాలుగు నిమిషాలు కూడా ఉండదు, బ్రిటన్‌లో పెద్ద హిట్. పైకి మామూలు రేడియో పాటలాగే ఉంటుంది, కానీ చప్పట్లు కొట్టబోతే చెయ్యి తప్పుతుంది. ఎందుకంటే ప్రధానమైన వరస 13 దెబ్బలు, ఆరూ ఏడుగా. మామూలు శ్రోతకి ఆ సంగతి పట్టదు, మీవాడికి పట్టి తీరుతుంది. అది నచ్చితే వెనక్కి నడువు. 1976 నాటి 'ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్'లో మొదటి పాట 'డాన్స్ ఆన్ ఎ వాల్కేనో' వినిపించు, అందులో ఏడు లెక్క. ఆ తర్వాతే 1973, 1972 నాటి ఆల్బమ్‌లు.

లబ్బీపేట అక్క:

తమ్ముడూ, నాలుగో లైను గారు చెప్పింది సగం ఒప్పుకుంటాను. పొట్టి పాటతో మొదలుపెట్టడం మంచిదే. కానీ 80ల జెనెసిస్‌తో మొదలుపెట్టినవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోవడం నేను చూశాను, మా ఇంట్లోనే ఇద్దరున్నారు. లెక్కలొక్కటే పట్టుకుంటే ఆ బ్యాండు సగమే తెలుస్తుంది. నన్ను పట్టింది మాత్రం వేషాలు, కథలు.

గాబ్రియెల్ పాటకీ పాటకీ మధ్య కథలు చెప్పేవాడని తెలుసు కదా. అది ఎలా మొదలైందంటే, వాళ్ల దగ్గర పన్నెండు తీగల గిటార్లు ఉండేవి, ప్రతి పాటకీ శ్రుతి చేసుకోవడానికి బోలెడంత సేపు పట్టేది, ఆ ఖాళీలో జనం కదలకుండా ఈయన ముందుకొచ్చి ఏదో ఒక వింత కథ అల్లేవాడు. 1972లో డబ్లిన్‌లో మిగతావాళ్లకి ముందుగా చెప్పకుండా భార్య ఎర్ర గౌను వేసుకుని, నక్క తల పెట్టుకుని స్టేజీ ఎక్కేశాడు. అప్పటి నుంచి వేషాలు పెరిగాయి. ఒక్కడే గొంతు మార్చి ముసలాడవుతాడు, పిల్లాడవుతాడు, కథ చెప్పేవాడూ తనే. హరికథ విన్న మనకి ఇందులో తెలియనిది ఏముంది చెప్పు? కూచిపూడి ఇక్కడికి కూతవేటు దూరం, బుర్రకథ నాజర్ గారి పొన్నెకల్లు మీ గుంటూరు పక్కనే. ఒక మనిషి నిలబడి పదిమందిగా మారడం మన పిల్లలకి ఇంగ్లీషు రాకపోయినా అర్థమవుతుంది.

1973లో షెపర్టన్ స్టూడియోలో తీసిన కచేరీ ఫిల్మ్ ఉంది, అది చూపించు. మొదటి పాట 'వాచర్ ఆఫ్ ది స్కైస్'. మెలోట్రాన్ అనే కీబోర్డు మీద ఆ గంభీరమైన ఎత్తుగడ, చీకట్లో తల మీద గబ్బిలం రెక్కలు పెట్టుకుని కళ్ల చుట్టూ మెరిసే రంగుతో గాబ్రియెల్. తర్వాత 'ది మ్యూజికల్ బాక్స్', దాని కథ మాత్రం ముందే చెప్పు, పేదరాశి పెద్దమ్మ కథలాగే ఉంటుంది. ఒక పాప ఆటలో తోటి పిల్లాడి తల క్రోకే బ్యాటుతో ఎగరగొడుతుంది, కొన్నాళ్లకి వాడి పాటల పెట్టె తెరిస్తే అందులోంచి వాడి ఆత్మ బయటికొచ్చి, చూస్తుండగానే పెరిగి ముసలాడైపోతుంది. పాట చివర ముసలి ముఖం తొడుక్కుని గాబ్రియెల్ అరిచే అరుపు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ధిమి తక:

బాబూ, నేను సత్యనారాయణపురంలో చాలా ఏళ్లుగా మృదంగం చెబుతున్నాను. ఈ బ్యాండుని నాకు చూపించింది నా శిష్యుడే, కాబట్టి మీవాడి స్థానంలో నేనూ కూర్చున్నాను.

ఆ అబ్బాయి నాకు 'ది సినిమా షో' వినిపించాడు, 1973 ఆల్బమ్ 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్' చివర్లో వస్తుంది. పదకొండు నిమిషాలు. మొదటి సగం మెత్తగా గిటార్లు, గొంతులు, హాయిగా ఉంటుంది, దాని గురించి ఎక్కువ చెప్పను. తర్వాత మాటలు పూర్తిగా ఆగిపోతాయి. అక్కడి నుంచి ముగ్గురే, డ్రమ్స్ మీద కాలిన్స్, కింది స్వరాల్లో మైక్ రూథర్‌ఫర్డ్, పైన కీబోర్డు మీద టోనీ బ్యాంక్స్. లెక్క ఏడు. మాకు కచేరీలో లయవాద్యాలే వాయించే తని ఆవర్తనంలో గాయకుడు చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంటుంది, పాడేవాళ్లకి వత్తాసుగా ఉన్న వాద్యానికి ఒక్కసారిగా చోటు దొరుకుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు నా చెయ్యి దానంతటదే మన ఏడు లెక్క తాళం మిశ్రచాపు వేసింది. అయితే మన తకిట తకధిమి ఎక్కడ విరుగుతుందో వాళ్లది అన్నిచోట్లా అక్కడే విరగదు, అది మీవాణ్ణే కనిపెట్టనివ్వు.

రెండు మాటలు చెబుతాను, దయచేసి పాటించు. ఒకటి, ఇది ఏడు, ఇది తొమ్మిది అని ముందే చెప్పకు. లయ తెలిసిన పిల్లాడికి లెక్క ముందే చెప్పేస్తే వాడికి వినడానికి ఏం మిగులుతుంది? పక్కన కూర్చుని వ్యాఖ్యానం చెప్పావన్నావే, నా ఉద్దేశంలో వాడికి విసుగొచ్చింది పాట వల్ల కాదు, దానివల్లే. రెండు, "ఇవన్నీ మన దగ్గర ఎప్పుడో ఉన్నాయి" అని కూడా అనకు. నేనూ మొదట అలాగే అనుకుని రెండేళ్లు సరిగ్గా వినలేదు. మన పద్ధతిలో తాళం కదలదు. దాని మీద గతులు మారుస్తాం, ఎడుపు, అంటే ఎత్తుకునే చోటు, మారుస్తాం, ముక్తాయింపుతో తిరిగి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వస్తాం, చేతిలో తాళం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వీళ్లు అలా కాదు. అదే ఆల్బమ్‌లో 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' మొదట్లో బ్యాంక్స్ పియానో వాయిస్తాడు చూడు, రాగం ఎటు పోతే తాళం అటు వెళ్తుంది, ఒకచోట పదమూడు చిన్న అక్షరాలు, ఇంకోచోట పదిహేను, మధ్యలో మామూలు రెండు. కొలపాత్ర మార్చుకుంటూ పోతారన్నమాట. అది మనది కాదు. ఆ తేడా మీవాడి చెవికి తెలిస్తే వాడు పాతికేళ్లపాటు వింటాడు.

నాలుగో లైను:

మాస్టారూ, మీ మాటతో నా ఓటు మార్చుకుంటున్నాను. 'సెల్లింగ్ ఇంగ్లండ్' మొత్తం 53 నిమిషాలు, గుంటూరు నుంచి బెజవాడ బస్సు గంట. నేను ఉద్యోగానికి అప్ అండ్ డౌన్ చేసిన రోజుల్లో ఆ ఆల్బమ్ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అయిదో పాట 'బ్యాటిల్ ఆఫ్ ఎప్పింగ్ ఫారెస్ట్' మాత్రం తీసెయ్, దాదాపు పన్నెండు నిమిషాలు మాటలే మాటలు, లండన్ రౌడీల గొడవ, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే ఊపిరాడదు. అది తీసేస్తే 'సినిమా షో' మంగళగిరి ప్రాంతంలో వస్తుంది. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు బ్రో, చెరో ఇయర్‌ఫోన్ పంచుకోవడం కూడా వద్దు, ఎడమా కుడీ రెండూ వాడికే ఇచ్చెయ్. నువ్వు కిటికీలోంచి చూస్తూ కూర్చో.

బెజవాడ బేస్:

అందరికీ థాంక్స్. నిన్న ఆదివారం తీసుకొచ్చాను, ఏం జరిగిందో రాస్తున్నాను.

గుంటూరు బస్టాండులో ఎక్కగానే ఇయర్‌ఫోన్స్ రెండూ వాడికిచ్చి, నచ్చకపోతే ఆపెయ్‌రా అని చెప్పి ఊరుకున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం నాకు చాలా కష్టమైంది. ఆల్బమ్ మొదట్లో ఏ వాద్యం లేకుండా గాబ్రియెల్ గొంతొక్కటే వస్తుంది కదా, వాడు నా వైపు తిరిగి "నాటకంలో పద్యం ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు" అన్నాడు. ఇరవై ఏళ్లు విన్నాను, నాకెప్పుడూ అలా తట్టలేదు. పెదకాకాని దాటాక 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' పియానో వచ్చినప్పుడు తొడ మీద తాళం వేయబోయి ఆపేశాడు, మళ్లీ వేశాడు, మళ్లీ ఆపాడు, ముఖం ముడుచుకుంది. పోయింది, ఇక్కడితో తీసేస్తాడు అనుకున్నాను. తీయలేదు. తర్వాత స్టీవ్ హ్యాకెట్ గిటార్ వస్తుంది చూడండి, ఆ సాగే స్వరం దగ్గర కళ్లు మూసుకున్నాడు, తాళం వేయడమే మర్చిపోయాడు.

మాస్టారూ, మీరన్నచోటే, మాటలు ఆగిపోయాక, మంగళగిరి బైపాస్ మీద వాడి వేళ్లు ముందు సీటు వెనక రేకు మీద ఆడటం మొదలైంది. ముందు సీట్లో పెద్దాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు, నేనే చేతులు జోడించాను. పాట అయిపోయాక ఇయర్‌ఫోన్స్ తీసి "ఏడు మావయ్యా. కానీ ఆయన ఏడు చెప్పట్లేదు, ఏడు లోపల తిరుగుతున్నాడు" అన్నాడు. అంటే ఏంటని అడిగాను. చేత్తో చూపించాడు, నాకు సగమే అర్థమైంది. వారధి మీద ట్రాఫిక్ ఆగితే అదే భాగం ఇంకోసారి పెట్టుకున్నాడు. డ్రమ్స్ వాయించిన ఆయనే తర్వాత గాయకుడయ్యాడంటే నమ్మలేదు, ఆ రాత్రి నాలుగో లైను గారి 'టర్న్ ఇట్ ఆన్ అగైన్' వినిపించాను, పదమూడు అని ఒక నిమిషంలోపే చెప్పేశాడు, కానీ పాట అంతగా నచ్చలేదట. అక్కా, 'మ్యూజికల్ బాక్స్' ఇవాళ రాత్రికి పెట్టుకున్నాం, వాళ్లమ్మ కూడా వచ్చింది, కథ తను చెప్తానంది.

ఇంకో సంగతి. పొద్దున్నే లేచి 'అపొకలిప్స్ ఇన్ 9/8' వాడే వెతుక్కుని పెట్టుకున్నాడు, మృదంగం ముందేసుకుని కూర్చున్నాడు. డ్రమ్స్‌తో పాటు తొమ్మిది బాగానే వెళ్తోంది, పైన ఆర్గన్ నాలుగు లెక్కలో నడిచేచోట మాత్రం దాని వెంట వెళ్లిపోయి తప్పుతున్నాడు. నాలుగుసార్లు అదేచోట ఆగాడు. మాస్టారూ, వాడేం చెయ్యాలి?

ధిమి తక:

లెక్క ప్రకారం నాలుగు తొమ్మిదులూ తొమ్మిది నాలుగులూ ముప్పై ఆరు దగ్గర కలుస్తాయి, వాళ్లు అంతదాకా ఆగారో లేదో మీవాణ్ణే విని చెప్పమను. ముందు మృదంగం పక్కన పెట్టమను. డ్రమ్ వేసే తొమ్మిదిని నోటితో చెబుతూ చేత్తో తాళం వెయ్యాలి, ఆర్గన్ ఎంత లాగినా చెయ్యి కదలకూడదు. అలా ఆ భాగం మొత్తం మూడుసార్లు తప్పకుండా దాటాకే వాద్యం ముట్టుకోమను. కుదిరితే వచ్చే వారం మా ఇంటికి తీసుకురా, అక్కడ ఆయన ఏడు లోపల తిరుగుతున్నాడన్న మాట నాకు వాయించి చూపించాలి.