దాత కళ్లెదుటే ఉన్నా రక్తం ఎక్కించరాదన్న నిబంధన సబబేనా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా (చర్చకు పెట్టినవారు)

పోయిన వానాకాలంలో మా వీధిలోని ఒక ఇంటి కోడలికి ఇక్కడి ప్రైవేటు నర్సింగ్ హోంలో కాన్పు అయ్యాక రక్తస్రావం ఆగలేదు. ఆమె అన్నదమ్ములిద్దరూ తమది అదే గ్రూపు అంటూ చొక్కా చేతులు పైకి మడుచుకుని నిలబడ్డారు. రక్తం తీయడానికి తమకు లైసెన్సు లేదని, తీస్తే కేసవుతుందని చెప్పి, డాక్టరమ్మ సెలైన్ పెట్టి 108లో నల్లగొండకు పంపారు. గంటన్నర ప్రయాణం. ఆమె బతికింది గానీ, గర్భసంచి తీసేయవలసి వచ్చింది. మా వంటి చిన్న పట్టణాల్లో, ప్రాణం మీదికి వచ్చినప్పుడైనా, అప్పటికప్పుడు దాత నుంచి తీసి ఎక్కించే వీలు చట్టం ఎందుకు కల్పించకూడదన్నది నా ప్రశ్న.

ల్యాబ్ టెక్నీషియన్, మహబూబ్‌నగర్

ఆ డాక్టరమ్మ చేసింది సబబే సార్. 1940 నాటి ఔషధాల చట్టం దృష్టిలో మనిషి రక్తం కూడా ఒక ఔషధమే. కాబట్టి దాన్ని సేకరించి పరీక్షించే కేంద్రానికి 28-సి ఫారంలో లైసెన్సు ఉండాలి. రాష్ట్ర అధికారి ఇచ్చే ఆ లైసెన్సుకు కేంద్ర అధికారి ఆమోదం కూడా కావాలి. కనీసం 100 చదరపు మీటర్ల స్థలం, వైద్యాధికారి, అర్హతగల టెక్నీషియన్లు ఉండాలి. తీసిన ప్రతి యూనిట్‌నూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షించాకే బయటికి పంపాలి. ఈ పట్టింపు ఊరికే రాలేదు. డబ్బు కోసం రక్తం అమ్ముకునేవారి మీదే బ్లడ్ బ్యాంకులు ఆధారపడిన రోజుల్లో, కామన్ కాజ్ అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాకే జాతీయ రక్తమార్పిడి మండలి ఏర్పడింది. 1998 నుంచి వృత్తిదాతల రక్తం నిషిద్ధమైంది.

ఇక మీరు చెప్పిన అన్నదమ్ముల సంగతి. ఒకసారి నా బల్ల దగ్గరకు ఒకాయన డ్రైవింగ్ లైసెన్సు తీసి, అందులో బి పాజిటివ్ అని రాసి ఉందని చూపించాడు. గాజుపలక మీద నీలం రంగు యాంటీ-ఎ, పసుపు రంగు యాంటీ-బి అనే గ్రూపు తేల్చే మందుల చుక్కలు వేసి ఆయన రక్తం కలిపి ఊపితే, బి గ్రూపుకు పసుపు చుక్కలో కట్టవలసిన గడ్డలు కట్టలేదు, నీలంలోనూ కట్టలేదు. ఆయనది ‘ఓ’ (O) గ్రూపు. లైసెన్సు మీది గ్రూపు దరఖాస్తులో మనం నింపినదే కదా! గ్రూపు కలిసినా, దాత రక్తాన్నీ రోగి రక్తాన్నీ కలిపి సరిపోతాయో లేదో చూసే క్రాస్‌మ్యాచింగ్ చేయనిదే ఎక్కించరాదు.

అన్నిటికన్నా మించి, సొంతవాళ్ల తాజా రక్తమే మంచిదన్న మన నమ్మకం పొరపాటు. దగ్గరి బంధువుల రక్తంలోని తెల్లకణాలను రోగి ఒళ్లు పరాయివిగా పోల్చుకోలేక వదిలేస్తే, అవి అక్కడే పెరిగి రోగి మీదే దాడి చేస్తాయి. ఇది చాలా అరుదు, కానీ వస్తే దాదాపు ఎవరూ బతకరు. అందుకే బంధువుల రక్తాన్ని, ఆ తెల్లకణాలు పెరగకుండా రేడియేషన్ పట్టించాక మాత్రమే ఎక్కించాలంటారు.

ప్రసూతి వైద్యురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

టెక్నీషియన్ గారు చెప్పినవన్నీ నిజమే. అయినా కాన్పు బల్ల పక్కన నిలబడితే లెక్క వేరుగా కనిపిస్తుంది. అరుదైన ఆ జబ్బు వేలమందిలో ఎవరికో రావచ్చు. రక్తస్రావం ఆగని తల్లికి గంటలోపే ప్రాణం పోవచ్చు. సరిహద్దు ప్రాంతాల్లోని సైనిక వైద్య కేంద్రాలు లైసెన్సు లేకుండానే దాత నుంచి తీసి ఎక్కించేందుకు ఇవే నిబంధనలు మినహాయింపు ఇచ్చాయి. గ్రామీణ శస్త్రవైద్యులు ఏళ్లుగా అడుగుతున్నదీ అదే. సైనికుడికి చెల్లినది నల్లమల లోపలి గూడెం నుంచి వచ్చిన బాలింతకు ఎందుకు చెల్లదో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్ టెక్నీషియన్, మహబూబ్‌నగర్

మేడమ్, సైన్యానికి ఎప్పటికప్పుడు వైద్య పరీక్షలు జరిగే, పై అధికారికి జవాబు చెప్పుకునే దాతలు వరుసలో ఉంటారు. మన దగ్గర ఆ సడలింపు ఇస్తే అది మీ చేతిలోనే ఆగదు. పది పడకల ప్రతి నర్సింగ్ హోమూ పదిహేను నిమిషాల్లో తేలే ర్యాపిడ్ కిట్ ఒకటి పెట్టుకుని రక్తం తీయడం మొదలుపెడుతుంది. కొత్తగా సోకిన హెచ్‌ఐవీని ఆ కిట్ పట్టుకోలేకపోవచ్చు. మా యంత్రాలకూ ఆ గుడ్డికాలం, అంటే సోకినా పరీక్షలో తేలని రోజులు, ఉందని ఒప్పుకుంటాను, కాకపోతే తక్కువ.

అసలు మీరు అడిగే దారి మరో రూపంలో ఇప్పటికే ఉంది. ఏడాదికి 2,000 యూనిట్ల లోపు వాడే ఆసుపత్రులు, ఔషధ నిబంధనల్లో మినహాయింపుల జాబితా అయిన షెడ్యూల్ కె కింద రక్తనిల్వ కేంద్రం పెట్టుకోవచ్చు. దానికి లైసెన్సు అక్కర్లేదు, రాష్ట్ర అధికారి అనుమతి చాలు. 10 చదరపు మీటర్ల గది, 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండే ఫ్రిజ్, క్రాస్‌మ్యాచ్ చేయగల టెక్నీషియన్ ఉంటే, మాతృ కేంద్రం, అంటే దానికి రక్తం సరఫరా చేసే లైసెన్సున్న బ్లడ్ బ్యాంకు, పరీక్షించిన బ్యాగులనే పంపుతుంది. నిబంధన అడ్డం పడిందనేకన్నా ఉన్న నిబంధనను వాడుకోలేదనడమే న్యాయం.

ప్రసూతి వైద్యురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

వాడుకున్నాం, రెండేళ్లు. టెక్నీషియన్‌కు పగటి డ్యూటీయే ఉండేది, కాన్పులేమో రాత్రిళ్లే ఎక్కువ. రక్తం 35 రోజులకే పనికిరాకుండా పోతుంది. పారబోసిన ప్రతి బ్యాగుకూ సంజాయిషీ రాయవలసి రావడంతో, చివరికి ఎవరూ తెప్పించడమే మానేశారు. మీ షెడ్యూల్ కె కాగితం మీద బాగుంది.

ల్యాబ్ టెక్నీషియన్, మహబూబ్‌నగర్

గడువు ఇంకా పది పదిహేను రోజులుండగానే బ్యాగులను రోజుకు పదుల యూనిట్లు ఖర్చయ్యే మాతృ కేంద్రానికి వెనక్కి పంపి, కొత్తవి తెచ్చుకుంటే వృథా ఉండదు. దీనికి చట్టం మార్చనక్కర్లేదు. వారానికి ఒక బండి, ఒక ఐస్ పెట్టె, బాధ్యత తీసుకునే ఒక మనిషి కావాలి. రాత్రి డ్యూటీ విషయంలో మాత్రం నా దగ్గర సమాధానం లేదు మేడమ్, అది పోస్టుల భర్తీ గొడవ. సార్, మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఇటువంటి ఫ్రిజ్ ఉందేమో ఒకసారి కనుక్కోండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

నిన్న వెళ్లి చూశాను. ఉంది. ఫ్రిజ్ పైన వేడిమి గీసే గుండ్రటి చార్టు కూడా ఉంది, దాని మీద చివరి తేదీ మార్చి నెలది. ప్లగ్గు తీసి ఉంది. లోపల నర్సమ్మల టిఫిన్ డబ్బాలు రెండు, మంచినీళ్ల సీసా ఒకటి కనిపించాయి. టెక్నీషియన్‌ను డిప్యుటేషన్ మీద వేరే ఊరికి పంపారట. సూపరింటెండెంటు గారికి ఒక అర్జీ రాసి ఇచ్చాను; కాపీ మీద ముద్ర వేయించుకున్నాను.