ఎలుకల మందు పెడితే స్క్రబ్ టైఫస్ తగ్గుతుందా?

గట్టుమీద: తెనాలి, దుగ్గిరాల మాగాణుల్లో ఊరంతా ఒకేసారి ఎలుకల మందు పెడితే పంటా దక్కుతుంది, స్క్రబ్ టైఫసూ తగ్గుతుందని నా వాదన. ఆ జ్వరం తెచ్చే నల్లి (మంచం నల్లి కాదు, మట్టిలో ఉండే మైట్ అనే సన్న పురుగు) పిల్లలు బతికేది ఎక్కువగా ఎలుకల మీదే కదా. ముందురోజు బొరియలన్నీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్నవాటిలోనే మందు పొట్లాలు పెట్టాలి. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమోడయోలోన్ (0.25 శాతం) కలిపి బొరియకు 15 గ్రాములు. వరి చిరుపొట్ట దశకు ముందే పెట్టాలి, గింజ పడ్డాక ఎర ముట్టవు. కాదనేవాళ్లు చెప్పండి.

నల్లిలెక్క: నేను కాదంటానండి. స్క్రబ్ జ్వరం తెచ్చే క్రిమి తల్లి నల్లి నుంచి గుడ్డుకే దిగుతుంది. నల్లి పిల్ల దశలో ఒక్కసారే జంతువు ఒంటిమీదికెక్కి తింటుంది, తర్వాత బతుకంతా మట్టిలోనే. అంటే మనిషిని కుట్టిన పిల్లకు జబ్బు ఎలుక అంటించింది కాదు, పుట్టుకతో వచ్చింది. ఎలుక అన్నం పెట్టే ఇల్లు, అంతే. ఆ ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయితే గడ్డి కొసన కాచుకున్న పిల్లలు ఎవరికోసం చూస్తాయి? గట్టుమీద క్యారేజీ విప్పినవాళ్ల కోసమే.

గట్టుమీద: అయితే పందికొక్కుల్ని పెంచుకోమంటారా? ఎలుకల వల్లే వచ్చే ఇంకో జ్వరం, లెప్టోస్పైరోసిస్ సంగతేంటి?

జ్వరాలగది: రెంటినీ ఒకే గాట కట్టకండి. లెప్టో ఎలుక మూత్రం కలిసిన నీళ్లతో వస్తుంది, అక్కడ ఎలుకల్ని తగ్గించాల్సిందే. స్క్రబ్‌కు మాత్రం వరస మార్చాలి: ముందు గట్ల గడ్డి కోసి ఎత్తేయాలి, ఆ తర్వాతే మందు. కోసేవాళ్లకే ముందు అంటుకుంటుంది కాబట్టి ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దూర్చి, డీట్ (పురుగుల్ని దగ్గరికి రానివ్వని మందు) ఉన్న పూత రాసుకోవాలి. టవలు గడ్డిమీద ఆరేయకూడదు. ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానం చేయాలి. పురుగు 0.2 మిల్లీమీటర్లే, కుట్టినా తెలియదు.

జ్వరం 6 నుంచి 21 రోజుల్లో వస్తుంది. చంక, గజ్జ, మొలతాడు కింద వెతకండి: సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎరుపు. నొప్పి ఉండదు గనక రోగి చెప్పడు. పెచ్చు లేదని స్క్రబ్ కాదనుకోవద్దు. మొదటి వారంలో ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష నెగెటివ్ రావచ్చు, అందుకే అనుమానం ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా డాక్టర్లు డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు. పెద్దలకు 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. గర్భిణులకు అజిత్రోమైసిన్.

గట్టుమీద: వరస ఒప్పుకుంటా. నాట్లకే కూలీలు దొరకడంలేదు, గట్లన్నీ ఎవరు చెక్కుతారండీ?

నల్లిలెక్క: అన్నీ అక్కర్లేదు. భోజనాలకు కూర్చునే చోటు, కాలవ తూము దగ్గర, నడిచే దారికి రెండు పక్కలా. మిగతాది కోతల దాకా ఆగొచ్చు.